నువ్వు పోలేదా అని అమ్మను అనేశాను

శనక్కాయ_చేను

పది దినాలుగా మా ఇంట్లో మాటల్లేవు. నోరు జారింది నేనే.

నేను నర్సును. మూడేళ్ల పాప ఉంది. కువైట్ ఆసుపత్రిలో ఉద్యోగానికి పిలుపు వచ్చింది, రెండేళ్ల కాంట్రాక్టు. మా ఆయన సరే అన్నాడు, అత్త కూడా సరే అనింది. అమ్మ ఒక్కతే వద్దంది. "పిల్లను ఇడిసిపెట్టి పోవద్దు పాపా" అనింది. ఎన్నేళ్ల నుంచి లోపల ఉన్నదో ఏమో, "నువ్వు పోలేదా?" అనేశాను. చేతిలో చేట అట్లే కింద పెట్టి లోపలికి పోయింది. అప్పట్నుంచి పాపతో మాట్లాడుతుంది, నాతో లేదు.

మాది రాజంపేట పక్కన పల్లె. 2009 జనవరి, నాకు పదేళ్లు, తమ్ముడికి ఐదు. పొద్దున లేస్తే అమ్మ లేదు. తిరుపతికి పోయింది, రెండు దినాల్లో వస్తుందని అవ్వ చెప్పింది. వచ్చేసరికి రెండేళ్ల ఎనిమిది నెలలు. తమ్ముడు అవ్వ కొంగు వెనక దాక్కుని "కువైటామె వచ్చింది" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అట్లా పన్నెండేళ్లు ఇళ్లల్లో పనిచేసి 2021లో వచ్చేసింది. మధ్యలో నాలుగే సార్లు ఇంటికి వచ్చింది. నా చదువు, తమ్ముడి చదువు, ఈ మిద్దె అన్నీ ఆ డబ్బే. అది నాకు తెలియక కాదు.

మొన్న నా సర్టిఫికెట్ల కోసం పెట్టె తీస్తే అమ్మ మొదటి పాస్‌పోర్టు దొరికింది. పుట్టిన సంవత్సరం 1978 అని ఉంది. అమ్మ పుట్టింది 1983లో. అంటే కువైట్ పోను రైలెక్కినప్పుడు ఆమెకు ఇరవై ఆరో ఏడు. ఇప్పుడు నాకూ ఇరవై ఆరే. ఆ పుస్తకం పట్టుకుని చానాసేపు అట్లే కూర్చుండిపోయాను.

ఆమె యాల పోయింది, ఎట్లా పోవాలనుకుంది అని అడగాలని ఉంది. ఎప్పుడడిగినా "మీ కోసమే" అంటుంది, నేనింక ఏమీ అనలేను. ఇంత మాట అన్న తర్వాత ఇప్పుడు అడగొచ్చా? అడిగినోళ్లు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ?

కోడూరు_బొప్పాయి

ఐదేళ్లు ఎందుకు పెరిగాయో నేను చెప్తా. పదో తరగతి పాస్ కానోళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే ఎమిగ్రేషన్ వాళ్ల అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు. దాంతో గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే ఆడమనిషికి 30 ఏళ్లు నిండుండాల. లేకుంటే ఎమిగ్రేషన్ ఆఫీసులో క్లియరెన్సు రాదు. చిన్న వయసు ఆడోళ్లు చిక్కుల్లో పడకూడదని పెట్టిన నిబంధన అది. ఏజెంట్లేమో దాన్ని దాటడానికి వయసే పెంచి రాయించినారు. మా వీధిలో కువైట్ పోయొచ్చినోళ్లు ఏడుగురు. కాగితాల్లో అందరూ జూలై 1నే పుట్టినారు! ఒకే రోజు ఏడు కేకులు కోయొచ్చు.

శనక్కాయ_చేను

అన్నా, మా అమ్మదీ జూలై 1. ఇప్పుడే మళ్లీ తీసి చూశా.

సెంటు_సీసా

మా పెద్దమ్మది కూడా. ఆధార్‌లోనూ అదే ఎక్కింది. పింఛను ఐదేళ్లు ముందే వస్తుందిలే అని మా అన్న ఆటపట్టిస్తుంటాడు.

గోదారిగట్టు

నాకు నలభై నాలుగేళ్లు. మాది రాజోలు దగ్గర. మా అమ్మగారు 1988లో కువైట్ వెళ్లారు, నాకప్పుడు ఏడేళ్లు. ఉత్తరాలు రాయడం రాదు, అందుకని క్యాసెట్లలో మాట్లాడి ఊరికొచ్చే వాళ్ల చేత పంపేవారు. సగం క్యాసెట్టు ఏడుపే ఉండేది. మిగతా సగం, దూడకి కుడితి పెట్టారా, వీధి గుమ్మానికి సున్నం వేశారా అని. నేనా క్యాసెట్టు అరిగేదాకా వినేవాణ్ణి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. రెండు నెలలు అమ్మ జాడ తెలియలేదు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి మన విమానంలో వచ్చారు. అప్పట్లో అలా ఒక లక్షా డెబ్బై వేల మందికి పైగా తీసుకొచ్చారండి. మా అమ్మ ఒక్క చేతి సంచీతో దిగారు. నేను ఊరంతా పరిగెత్తుకుంటూ చెప్పాను, ఇంక మా అమ్మ ఎక్కడికీ వెళ్లదని.

1991 ఆఖర్లో మళ్లీ వెళ్లిపోయారు. యుద్ధం అయిన దేశానికి! మొదటిసారి వెళ్లినందుకు నాకు కోపం లేదు. రెండోసారి వెళ్లినందుకు ఇరవయ్యేళ్లు మాట్లాడలేదు, అంటే పలకరింపులే తప్ప మనసిచ్చి మాట్లాడలేదు.

ఆవిడ ఎందుకు వెళ్లారో నాకు 2013లో తెలిసింది. మొదటి వీసాకి చేసిన అప్పు నూటికి మూడు వడ్డీ. రెండేళ్లు పంపిన డబ్బు వడ్డీకే సరిపోయింది. ఆఖరి నెలల జీతం యుద్ధంలో పోయింది. ఐక్యరాజ్యసమితి పరిహారం వచ్చింది గాని ఏళ్లు పట్టింది. అప్పిచ్చినాయన మాత్రం అంతకాలం ఆగుతాడా? రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చునేవాడు. ఆయన మా చుట్టమనుకున్నాను నేను. ఆయనిచ్చే బఠాణీలు కూడా తిన్నాను.

శనక్కాయ_చేను

ఆ బఠాణీల మాట చదివి మళ్లీ వెనక్కి పోయి మొత్తం చదివినానండి.

సిరిసిల్ల_మగ్గం

మా బాపు మొదలు భీవండి పోయిండు, ఆనక దుబాయి. నేనొకటి చెప్త, ఎవరూ ఏమనుకోవద్దు. అందరు నిర్ణయం నిర్ణయం అంటున్రు. గది నిర్ణయం గాదు, మిత్తి, అప్పు మీది వడ్డీ. మా వాడకట్టుల సాంచెలు, గవే మరమగ్గాలు, ఆగిపోయిన కాలం యాదికున్నోళ్లకు తెలుస్తది. నేసినోళ్లు ఉరివెట్టుకుంటున్న రోజులవి. బాపు ముంగట రెండే తొవ్వలు, ఒకటి ఇంటి దూలం, ఇంకొకటి దుబాయి. బాపు దుబాయి వట్టిండు. నేను ఇప్పటికీ గా ఏజెంటుకు మనసుల దండం వెట్టుకుంట, మోసం జేసినా సరే.

ఎర్రమట్టి_దారి

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను.

మా నాన్న 2004లో సౌదీ వెళ్లాడు. మూడేళ్లు డబ్బు పంపాడు. తర్వాత పంపలేదు, రాలేదు. బతికే ఉన్నాడు, అక్కడే ఉన్నాడు, ఊరివాళ్లకు కనిపిస్తుంటాడు. మా అమ్మ మిషను కుట్టి మమ్మల్ని పెంచింది. ఆమెకూ అప్పులున్నాయి, ఆమె ఎక్కడికీ పోలేదు. వెళ్లినవాళ్ల త్యాగం గురించి ఇన్ని మాటలు చెప్పుకుంటాం, ఊళ్లోనే ఉండి మోసినవాళ్ల గురించి ఎవరూ రాయరు.

ఇంకొకటి. పదేళ్ల పిల్లకు అబద్ధం చెప్పి వెళ్లడం తప్పు. కారణం ఎంత పెద్దదైనా ఆ తప్పు తప్పే. అర్థం చేసుకునే బరువు ఎప్పుడూ పిల్లల మీదే ఎందుకు పడాలి? శనక్కాయ_చేను గారూ, మీరన్న మాట కటువుగా ఉండొచ్చు, కానీ అందులో అబద్ధం లేదు.

సిరిసిల్ల_మగ్గం

తమ్మీ, నీ బాధ నీది, నేను కాదన. గని రానోని లెక్క వేరు, వచ్చినామె లెక్క వేరు. పన్నెండేండ్లు పంపి, ఇంటికొచ్చి మనుమరాలిని ఎత్తుకున్న తల్లిని, మీ నాయినను ఒక్క తక్కెట్ల పెట్టకు.

ఎర్రమట్టి_దారి

ఒకటే తక్కెడలో పెట్టలేదన్నా. అబద్ధం గురించి మాత్రమే అన్నాను. దాని మీద మీరేమంటారు?

ఖైతాన్_వంటిల్లు

దాని మీద నేనంటాను బాబూ. చెప్పకుండా వచ్చినదాన్ని నేనే.

నేను కువైట్‌లోనే ఉన్నాను, ఎనిమిదో ఏడు. మాది మామిడికుదురు దగ్గర. రాత్రి పదకొండున్నరకి గిన్నెలు కడిగాక ఫోను పట్టుకుంటే ఈ చర్చ కనబడింది. రెండు రోజుల నుంచి చదువుతున్నాను, రాయడానికి ధైర్యం చాల్లేదు.

వచ్చేటప్పుడు మా అబ్బాయికి ఏడేళ్లు. వాడికి చెప్పి వద్దామనే అనుకున్నాను. వారం రోజులు రోజూ రాత్రి చెప్దామని పక్కన పడుకునేదాన్ని. వాడికి నిద్రలో నా చీర కొంగు వేలికి చుట్టుకునే అలవాటు. ఆ రాత్రి ఒక్కొక్క చుట్టూ విప్పి వచ్చాను. లేపితే వాడు ఏడుస్తాడని కాదు. వాడు "వెళ్లొద్దు" అంటే నేను ఆగిపోతానని. ఆగిపోతే వీసాకి తెచ్చిన తొంభై వేలు ఎవరు కడతారు? అబద్ధం వాడికి చెప్పించాను గాని, భయం నా మీద నాకే.

తప్పు కాదా అంటే తప్పే. నీతో వాదించను.

"మీ కోసమే" అంటారు, ఇంకేం చెప్పరు అని ఆ అమ్మాయి రాసింది. ఎందుకు చెప్పమో చెప్తాను. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మా ఆయన తాగుడు చెప్పాలి. అప్పులాయన ఇంటికొచ్చి నా వంక చూసిన చూపు చెప్పాలి. పుట్టింటివాళ్లు తలుపు తీయకపోవడం చెప్పాలి. కొడుక్కి తండ్రి మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది. అందుకని అన్నీ మింగేసి ఒక్క మాట అంటాం. ఆ మాట మీకు తలుపేసినట్టుంటుందని నాకు ఇవాళే తెలిసింది తల్లీ.

ఇక్కడ నాది 20 నంబరు వీసా, అంటే ఇంటిపని వీసా. ఒక్క ఇంటికే కట్టుబడి ఉండాలి. 2015లో చట్టం వచ్చింది, రోజుకి పన్నెండు గంటలకి మించి పని చెప్పకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు వాళ్ల దగ్గర పెట్టుకోకూడదు అని. మొదటి ఇంట్లో అవేమీ లేవు. ఫోను కూడా లాక్కున్నారు, రెండు వారాలకోసారి ఐదు నిమిషాలు ఇచ్చేవారు. ఇప్పుడున్న ఇల్లు మంచిది, శుక్రవారం సాయంత్రం సెలవిస్తారు, పేచీ లేదు. ఈ ఇంట్లో పిల్లాడు నేను వచ్చాకే పుట్టాడు. వాడికి జ్వరమొస్తే వాళ్లమ్మని కాదని నా పక్కన పడుకుంటాడు. ఒక ఏడాది, అదే వారం మా అబ్బాయికి టైఫాయిడ్ అని ఫోనులో విన్నాను. ఒంటి మీద చెయ్యి ఈ పిల్లాడిది, చెవిలో దగ్గు ఆ పిల్లాడిది. ఇంక రాయలేను.

గోదారిగట్టు

అక్కా, మీరు రాసింది మా అమ్మగారికి చదివి వినిపించాను. ఆవిడకిప్పుడు అరవై ఏడు. విని, "ఆ అమ్మాయి ఏం తింటోందో అడుగు" అన్నారు.

ఖైతాన్_వంటిల్లు

తింటున్నానని చెప్పు తమ్ముడూ. మన అన్నం వండుకుంటాను, ఇక్కడేమీ అనరు.

ఎర్రమట్టి_దారి

అక్కా, నేను రాసిన మాట వెనక్కి తీసుకోను. కానీ "తప్పే" అని మీరు ఒప్పుకున్నారు చూడండి, మా నాన్న నోటి నుంచి ఆ ఒక్క ముక్క వినాలని ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. మీ అబ్బాయికి ఆ మాట చెప్పండి. నాకు రాసినట్టే చెప్పండి.

పాలమూరు_గంప

గల్ఫ్ ముచ్చట్లే నడుస్తున్నయి, మా దిక్కు వలస ఇంకో తీరు. మాది మక్తల్ దగ్గర. మేస్త్రి వచ్చి ముందుగాల పైసలు ఇస్తడు. దసరా అయినంక అమ్మనాయిన పుణె, బొంబాయి పోతరు, బిల్డింగుల కాడ, కాలువల కాడ పని. వానలు పడేటప్పటికి వస్తరు. గల్ఫోళ్ల పిల్లలకు సెంటు సీసాలన్న వస్తుండె, మాకు అమ్మ కాళ్లకంటిన సిమెంటే వస్తుండె.

మేం ఇద్దరం. చిన్నోణ్ణి ఎంబడి తీస్కపోతుండిరి, నన్ను అవ్వ కాడ ఇడిసిపోతుండిరి. ఏండ్లకేండ్లు గదే మనసుల వెట్టుకున్న. వాడంటెనే పాణం, నేనంటె లెక్కలేదని. మొన్న మొన్న తమ్ముడు తాగిన మత్తుల ఏడ్చుకుంట అన్నడు, "అక్కా, నిన్ను సదువుకోనీకి బడి కాడ ఉంచిండ్రు, నన్ను ఇటుకల కాడికి తీస్కపోయిండ్రు" అని. నేను టీచర్ను ఇప్పుడు. వాడు ఇంక పుణెలనే సెంట్రింగు కొడుతున్నడు. ఇడిసిపోయింది ఎవర్ని, తీస్కపోయింది ఎవర్ని అని ఇప్పటికీ నాకు తేలదు.

సెంటు_సీసా

పాలమూరు_గంప అక్కా, మాకు వచ్చిన సెంటు సీసాల్లో సగం చుట్టాలకే పోయేవి. అమ్మ పెట్టె తెరుస్తుంటే ముప్పై మంది చుట్టూ కూర్చునేవాళ్లు. టైగర్ బామ్, పాలపొడి డబ్బా, పులి బొమ్మ దుప్పటి. పంచడం అయ్యేసరికి మాకు పెట్టె మిగిలేది. అయినా ఆ పెట్టెలో తల దూర్చి వాసన చూసేవాణ్ణి. ఆ వాసన అమ్మదా పెట్టెదా అని ఎవరన్నా అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

కోడూరు_బొప్పాయి

శనక్కాయ_చేను చెల్లీ, అసలు సంగతి పక్కకు పోతుందేమో గానీ ఒక జాగ్రత్త చెప్తా. నర్సులను గల్ఫ్‌కు ప్రభుత్వ సంస్థల ద్వారా పంపాలని 2015లో నియమం పెట్టినారు. మన రాష్ట్రానికి ఓంక్యాప్ ఉంది. నీకు పిలుపు ఎవరి ద్వారా వచ్చింది? ఊరి ఏజెంటు అయితే డబ్బు కట్టకు, మొదట కనుక్కో. కాంట్రాక్టు కాగితం తెలిసినోళ్లకు చూపించు. అమ్మ కాలానికి నీ కాలానికి అదే తేడా, నీకు చదువుంది, కాగితం చదవగలవు.

శనక్కాయ_చేను

సరే అన్నా, ఏజెంటు ద్వారానే వచ్చింది. ఇంకా ఏమీ కట్టలేదు. కనుక్కుంటా.

అందరివీ చదివినా. ఖైతాన్ అక్క రాసినది చదివినాక ఒకటి గుర్తొచ్చింది. మా నాయన మూడు బోర్లు ఏపించినాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మూడో బోరు. లారీ వచ్చింది, ఊరంతా చూసింది, తెల్లటి దుమ్ము లేచింది, నీళ్లు పడలేదు. పిల్లోళ్లం మేము ఆ దుమ్ములో ఆడుకున్నాం. బోరు బండి అప్పు, శనక్కాయ విత్తనాల అప్పు, అమ్మ ప్రయాణం, అన్నీ ఒకటే తాడని ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు. నాయన చనిపోయి ఆరేళ్లయింది, ఆయన్ను అడగలేను.

అమ్మను ఎట్లా కదపాలో మాత్రం తెలియట్లేదు. పదమూడో దినం ఇది.

గోదారిగట్టు

నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. నేను మా అమ్మని "ఎందుకు వెళ్లావు" అని అడిగాను. ఆవిడ ముద్దాయిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ ప్రశ్నకి సంజాయిషీ తప్ప కథ రాదండి.

ఇంకోసారి, కొబ్బరి పీచు వలుస్తుంటే ఊరికే అడిగాను, అక్కడ మొదటి రోజు నీకు అన్నం ఎవరు పెట్టారని. గంటన్నర చెప్పారు. ఎవరు పెట్టారు, ఎలా తిన్నారు, ఏ గదిలో పడుకున్నారు, కిటికీలోంచి ఏం కనబడింది. వడ్డీ సంగతీ అందులోనే వచ్చింది, బఠాణీలాయన సంగతీ అందులోనే వచ్చింది. పని గురించి అడగండి, దారి గురించి అడగండి. చేతిలో ఏదో పని ఉన్నప్పుడు అడగండి. ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి.

సిరిసిల్ల_మగ్గం

పక్క పొంటి కూసునుడు మంచి మాట. బాపు గూడ బీడీ చుట్టుకుంటనే చెప్పేది అన్ని.

పాలమూరు_గంప

ముందుగాల ఆ మాటకు "తప్పయింది" అను చెల్లె. ఆనక అడుగు.

ఎర్రమట్టి_దారి

అడిగాక ఆమె ఏం చెప్పినా, నీకు వచ్చిన కోపం తప్పని మాత్రం అనుకోకు. రెండూ ఉండనీ.

శనక్కాయ_చేను

ఐదు దినాలు ఆలస్యమైంది, రాయలేకపోయినా.

నిన్న మధ్యాన్నం అమ్మ శనక్కాయలు వలుస్తాంది. నేనూ పోయి పక్కన కూర్చుని వలవడం మొదలుపెట్టినా. తప్పయింది అన్నాను. ఏమీ అనలేదు, నా ఒళ్లోకి ఇంకొన్ని కాయలు తోసింది. చానాసేపటికి అడిగినా, ఆ రాత్రి రాజంపేట స్టేషన్‌కు ఎట్లా పోయినావు, నడిచా, ఆటోలోనా అని.

నడిచే పోయినాదంట. నాయన పెట్టె మోసినాడంట. చెన్నై పోయే రైలు రెండు గంటలు లేటు. ఇల్లు అక్కడికి నడిస్తే ఇరవై నిమిషాలు. నాయన అన్నాడంట, పోయి పిల్లోళ్లను ఒకసారి చూసి రాపో, టయిముంది అని. ఆమె బెంచీ మీద నుంచి లేవలేదు. "లేస్తే ఇంగ రైలెక్కేదాన్ని కాదు పాపా. బెంచీ అంచు పట్టుకుని కూర్చుంటి" అనింది. అది చెప్పేటప్పుడు కూడా చేత్తో చేట అంచు పట్టుకుంది.

రైల్లో ఏజెంటు మనిషి పక్కన కూర్చుని చెన్నై దాకా ఒకటే చదివించినాడంట. ఎప్పుడు పుట్టినావు? డెబ్బై ఎనిమిది. ఎన్నేళ్లు? ముప్పై. తప్పు చెప్తే వెనక్కి పంపుతారు, డబ్బు పోతుంది అని. అమ్మ మూడో తరగతి దాకానే చదివింది. పాఠం లాగా వల్లించి వల్లించి, పన్నెండేళ్లు అక్కడ అదే చెప్పి చెప్పి, ఇప్పుడు ఎవరన్నా వయసడిగితే నోటికి మొదట అదే వస్తుందంట. అసలుది కావాలంటే నా వయసు గుర్తు తెచ్చుకుని దానికి పదహారు కలుపుకుంటుందంట.

మొదటి నెల జీతం నలభై ఐదు దినార్లు. అప్పట్లో మన డబ్బుల్లో ఏడువేల ఐదొందల దాకా. మొత్తం పంపేసినాదంట, చెప్పులు తెగితే దారంతో కట్టుకుని.

మీరు అడగొద్దన్నా, చివర్లో నేను ఆపుకోలేక అడిగేసినా. మరి నన్నెందుకు వద్దన్నావు అని. కొంచెంసేపు కాయలు వలిచింది. తర్వాత అనింది. "నువ్వు పోతే పో. నీకు నా మాదిరి అప్పు తరమట్లేదు, ఆలోచన చేసుకునే టయిముంది. కానీ పిల్ల మేలుకుని ఉన్నప్పుడు పో. ఏడిస్తే ఏడవనీ. అది నిన్ను చూస్తాండంగా పో."

అంతే చెప్పింది. ఇంక నేను ఏడ్చినా, ఆమె ఏడవలేదు.

కువైట్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఓంక్యాప్ ఆఫీసుకు ఫోన్ చేసినా, కాగితాలు పంపమన్నారు.

సెంటు_సీసా

అమ్మకు అసలు పుట్టినరోజు ఎప్పుడో తెలుసా?

శనక్కాయ_చేను

అదీ అడిగినా. తేదీ తెలియదంట. శనక్కాయలు పెరికే నెల, వాన పడిన మరుసటి రోజు అని వాళ్లమ్మ చెప్పేదంట. ఈ ఏడు ఆ నెలలో చేద్దామని తమ్ముడు అంటాన్నాడు. జూలై 1న మాత్రం చేయము.

కోడూరు_బొప్పాయి

కేకు నేను తెస్తా, కోడూరు నుంచి మీ ఊరికి ఎంత దూరం. బొప్పాయిలు కూడా.

ఖైతాన్_వంటిల్లు

రేపు శుక్రవారం. మా అబ్బాయికి పదిహేనేళ్లు వచ్చాయి, వీడియో కాల్ చేస్తే ముఖం పైకెత్తడు, ఫోను వైపు చూడకుండా ఊఁ కొడతాడు. రేపు వాడు అన్నం తింటున్నప్పుడు చేస్తాను. ఆ రాత్రి కొంగు సంగతి చెప్తాను. తప్పు చేశానని కూడా చెప్తాను. ఏమన్నాడో రాస్తాను.

గోదారిగట్టు

రాయండి అక్కా. మా అమ్మగారు కూడా ఎదురుచూస్తుంటారు.